తీగ ఎత్తు, గణపతి ఎత్తు

ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్న నాన్న చంద్రయ్య. సెలవు కాబట్టి తీరిగ్గా ఉల్లిగడ్డలు కోస్తున్న అమ్మ మల్లమ్మ. కిటికీలో అద్దం నిలబెట్టుకుని గడ్డం గీసుకుంటున్న అన్న రాకేష్. అన్నతో మాట్లాడటానికి వచ్చి, లోపలికి రాకుండా గడప మీదే కూర్చున్న సంతోషన్న. సంతోషన్నకు చాయ్ ఇచ్చి మళ్లీ నా మూలకు పోయి కూర్చున్న నేను. ఇల్లంటే ఒకటే గది. హఫీజ్‌పేట్ పాత ఊళ్లో బుచ్చమ్మవ్వ ఇంటి వెనక వరుసగా ఉన్న కిరాయి గదుల్లో చివరిది మాది.

మరునాడు వినాయక చవితి. మా గల్లీ గణపతిని పెట్టే యూత్‌కు సంతోషన్న పెద్ద. సాయంత్రం మదీనాగూడ రోడ్డు పక్క షెడ్డు నుంచి విగ్రహాన్ని తీసుకురావాలి. దాని గురించే మాట్లాడటానికి వచ్చాడు.

"ఈసారి పదహారు ఫీట్లు తమ్మీ. బ్యానర్ మీద గూడ అదే కొట్టిచ్చినం," అన్నాడు. "గల్లీ మొదట్ల వైరు కాడనే జర పరేషాన్."

"పరేషానెందుకన్నా? నేను లేనా?" అన్నాడు అన్న, సబ్బు నురగ చెంపల మీద ఉండగానే.

"లైన్‌మన్‌కు చెప్పినం. ఇయ్యాల ఊరంత గణపతులే, ఏ యాళ్లకొస్తనో తెల్వదన్నడు."

"రాకుంటె రాకపాయె. నిరుడు ఎవడొచ్చిండు? నేనే లేపలేదా?"

నిరుడు అన్నే లేపాడు. మా గల్లీ మొదట్లో కరెంటు తీగలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దాటుతాయి. విగ్రహం వీపు వెనక, భుజాల ఎత్తున, ఒక చెక్క పలక కట్టారు. దాని మీద అన్న నిలబడి, కొసన పంగ ఉన్న వెదురు కర్రతో తీగలను పైకి ఎత్తి పట్టుకుంటే కింద నుంచి బండి కదిలింది. అందరూ ఈలలు వేశారు. ఆ వీడియో అన్న ఫోన్లో ఇంకా ఉంది. అమ్మకు చూపించినప్పుడల్లా అమ్మ అటు తిరిగి, అయిపోయిందా అని అడుగుతుంది. అన్న ఐటీ కంపెనీల వాళ్లకు క్యాబ్ నడుపుతాడు. అందులో ఎక్కే వాళ్లెవరూ అతని పేరు అడగరట. ఆ ఒక్క రోజు మాత్రం గల్లీ మొత్తం అతని పేరు పెట్టి అరుస్తుంది.

ఈ సంవత్సరం వారం నుంచి ముసురు పట్టింది. నిరుటి వెదురు కర్ర మా గది పక్క గోడకే ఆనించి ఉంది. పొద్దున నీళ్లు పట్టుకోవడానికి పోయినప్పుడు దాన్ని ముట్టుకుని చూశాను. తడిసి నల్లబడి, బరువుగా ఉంది. తడి కర్రలోంచి కరెంటు పాకుతుందని మా ఊరి బడిలోనే చదువుకున్నాను. అన్న ఆ పలక ఎక్కకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

ఎక్కవద్దు అంటే వినడు. అమ్మ అప్పటికే రెండు సార్లు అన్నది.

"వైరు ఎంత ఎత్తుందో ఎవరన్న కొలిచిండ్రా?" అని అడగాలనుకున్నాను. సంతోషన్న ముందు నోరు రాలేదు. అయినా ఎవరు కొలుస్తారు? కరెంటు తీగకు టేపు పెట్టి చూడలేరు కదా.

ముట్టుకోకుండా కొలిచే పద్ధతి నాకు తెలుసు. పదో తరగతిలో మా లెక్కల సారు మమ్మల్నందరినీ బడి బయటికి తీసుకుపోయి నీళ్ల ట్యాంకు ఎత్తు కొలిపించాడు. కోణమానిని చదునైన అంచుకు కూల్‌డ్రింక్ పైపు అంటించాలి. మధ్య బిందువు నుంచి దారం వేలాడదీసి, కొసన బరువు కట్టాలి. పైపులోంచి ట్యాంకు అంచును చూస్తే దారం ఎక్కడ నిలిచిందో దాన్ని బట్టి ఊర్ధ్వకోణం తెలుస్తుంది. ఎంత దూరంలో నిలబడ్డామో కొలుచుకుంటే ఎత్తు వచ్చేస్తుంది. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరంలో అవే టాన్‌లూ సైన్‌లూ బోర్డు మీద మాత్రమే కనిపిస్తున్నాయి. బయటికి ఎవరూ తీసుకుపోవడం లేదు.

కోణమానిని తీశాను. బరువుకు పాత బీరువా తాళంచెవి కట్టాను. పక్క గదిలో ఉండే మేస్త్రీ శేఖర్ మామ దగ్గర టేపు అడిగి తెచ్చుకున్నాను.

గల్లీ మొదట్లో తీగలు మధ్యలో కిందికి జారినట్టు ఉంటాయి. అన్ని తీగలకంటే కింద ఉన్న తీగ, దానిలో అన్నిటికంటే కిందికి జారిన చోటు, సరిగ్గా దాని కింద నేల మీద ఇటుక ముక్కతో గీత గీశాను. అక్కడి నుంచి గల్లీ లోపలికి ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ పైపులోంచి చూశాను. కోణం సరిగ్గా నలభై ఐదు డిగ్రీలైన చోట ఆగాలి. టాన్ నలభై ఐదు ఒకటి. అక్కడ దూరం ఎంతో ఎత్తూ అంతే. వేరే లెక్క చేయక్కర్లేదు.

కిరాణా కొట్టు అనసూయమ్మ బయటికి వచ్చింది.

"ఏమే పిల్లా, మీదికేం చూస్తున్నవ్? పిట్ట గూడు పెట్టిందా?"

"లేదు పెద్దమ్మా. లెక్క."

"లెక్కలు వైర్ల మీద గూడ రాసిపెడుతున్నరా ఇప్పుడు?" అని నవ్వుకుంటూ, నేను అడగకుండానే టేపు ఒక కొస కాలితో తొక్కిపట్టింది.

పదిహేను అడుగులు వచ్చింది.

విగ్రహం పదహారు. దాన్ని మోసే ట్రాలీ మూడు. మొత్తం పంతొమ్మిది. తీగ పదిహేను మీదే ఉంటే, అన్న దాన్ని నాలుగు అడుగులు పైకి ఎత్తిపట్టాలి. ఇంటికి పరుగెత్తి అమ్మ చెవిలో చెప్పాను. నా లెక్క అమ్మకు ఎంత అర్థమైందో తెలియదు. చేతిలో కత్తి అక్కడే పడేసి బయటికి పోయింది. బుచ్చమ్మవ్వ గేటు ముందు పందిరికి బొంగులు కడుతున్న యూత్ వాళ్లందరి మధ్యలో నిలబడి గట్టిగా చెప్పింది.

"మా పిల్ల కొలిచింది. వైరు పదిహేనే అట. గణపతి పట్టడట. నా కొడుకును మీదికెక్కియ్యకుండ్రి."

బొంగులు కట్టే చేతులు ఆగిపోయాయి. సంతోషన్న పందిరి మీద నుంచి దిగి వచ్చాడు. "నిజమా చెల్లె? ఎట్ల కొలిచినవ్?" అని మెల్లగానే అడిగాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను కోణమానిని ఎత్తి చూపించాను.

బుచ్చమ్మవ్వ మనవరాలు జ్యోత్స్నక్క మేడ మెట్ల మీద కాఫీ కప్పుతో కూర్చుని ఉంది. హైటెక్ సిటీలో పెద్ద కంపెనీ ఉద్యోగం. వారంలో సగం రోజులు పైగదిలోంచే పని చేస్తుంది. అక్కడి నుంచే అడిగింది.

"ప్రవళికా, ఫార్టీఫైవ్ డిగ్రీస్ పెట్టినవా? గుడ్. నేల మీద పండుకోని చూసినవా, నిలబడి చూసినవా?"

"నిలబడి అక్కా."

"మరి నీ ఎత్తేది? కన్ను కాడి నుంచి లెక్క పెడితే, కన్ను కింద ఉన్నదంత ఎటు పోయింది?"

సారు ట్యాంకు దగ్గర ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడో. చూసేవాళ్ల కంటి ఎత్తు కలపకపోతే జవాబు సగమే అని. భయంలో మరిచిపోయాను. నేల నుంచి నా కన్ను నాలుగున్నర అడుగులు. పదిహేనుకు నాలుగున్నర కలిపితే పంతొమ్మిదిన్నర.

"గణపతికి కాదే, ఎత్తు లేనిది నీకు!" అన్నాడు అప్పుడే అక్కడికి వచ్చిన అన్న. అందరూ నవ్వారు. అమ్మ కూడా సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సంతోషన్న నవ్వలేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "పంతొమ్మిదిన్నర. మనది పంతొమ్మిది. అంటె నడుమ అర ఫీటే సందు. బండి గుంతలెక్కి ఊగితే కిరీటం తాకుతది. అయితె రాకేష్ ఎక్కాల్సిందే."

"నేను జెప్పలేదా?" అన్నాడు అన్న.

నా లెక్క వల్ల అన్న ఎక్కడం ఖాయమైపోయింది. నేను పోయి మా వరుస చివర నీళ్ల డ్రమ్ము వెనక నిలబడ్డాను.

కాసేపటికి జ్యోత్స్నక్క అక్కడికి వచ్చింది. చేతిలో స్కూటీ తాళాలు ఉన్నాయి.

"అందరి ముందట అనకపోయేదుండె. సారీ," అంది. "నీ పద్ధతి రైటే. ఒక్క స్టెప్పే పోయింది. అది సరే గాని, ఆ పదహారు ఎవరు కొలిచిండ్రు?"

నేను ఆలోచించలేదు. ఎవరూ కొలవలేదు. షెడ్డు వాళ్లు చెప్పారు, యూత్ వాళ్లు బ్యానర్ కొట్టించారు.

"మరి సగం లెక్కనే అయింది గదా. నడు, మిగిలిన సగం చూసొద్దాం."

ముసురులోనే స్కూటీ మీద మదీనాగూడ వెళ్లాం. రోడ్డు పక్కన పెద్ద టార్పాలిన్ల కింద గణపతులు వరుసగా నిలబడి ఉన్నారు. కొన్నిటికి ఇంకా కళ్లు పెట్టలేదు. షెడ్డు నడిపే ఓంకార్ అనే ఆయన మా విగ్రహం చూపించాడు. పొట్ట మీద బంగారు రంగు ఇంకా ఆరలేదు.

"టేపు పెట్టి కొలుస్తమంటె నిచ్చెన ఆనియ్యాలె. రంగు ఊడుతది. వద్దు," అన్నాడు.

"నిచ్చెన వద్దు. మేము ముట్టుకోం. జర చూస్తం అంతే," అంది జ్యోత్స్నక్క.

వెనక్కి జరగడానికి చోటు లేదు. నా వీపుకు ఇంకో గణపతి తొండం తగులుతోంది. నలభై ఐదు దొరకలేదు. ముందుకు జరుగుతూ పోతే అరవై డిగ్రీల దగ్గర దారం నిలిచింది. కిరీటం మొన సరిగ్గా ఎక్కడి మీదికి వస్తుందో ఆ చోటు నుంచి నా కాళ్ల దాకా జ్యోత్స్నక్క టేపు పట్టింది. నాలుగు అడుగుల నాలుగు అంగుళాలు. టాన్ అరవై అంటే రూట్ మూడు, ఒకటి పాయింట్ ఏడు మూడు. గుణిస్తే ఏడున్నర. ఈసారి నా నాలుగున్నర కలపడం మరిచిపోలేదు.

పన్నెండు.

మళ్లీ చేశాను. మళ్లీ పన్నెండే. నా లెక్కే తప్పేమోనని జ్యోత్స్నక్క ముఖంలోకి చూశాను. ఆమె ఫోన్లో చేసి చూసింది. ఆమెకూ పన్నెండే.

"పన్నెండే ఉన్నదేందన్నా? పదహారని గదా బుకింగ్," అంది ఓంకార్‌తో.

ఆయన ఏమాత్రం తడబడలేదు. "పదహారంటె పడగతోని కలిపి మేడం. ఎనక నాగుపాము పడగ ఉంటది గదా, అగో, ఆ మూలకున్నది. అది ఇప్పుడు బిగియ్యం. వేరే ఆటోల పంపిస్తం. మీ పందిట్ల నిలబెట్టినంక బోల్టులు బిగిస్తరు. తొవ్వల వైర్లుంటయి గదా, అందుకే అట్ల చేస్తం. పెద్దయన్నీ గట్లనే."

"మావోళ్లకు తెల్వదా?"

"వాళ్లు ఫోటో చూసి బుక్ చేసిండ్రు. ఎన్ని ఫీట్లని అడిగిండ్రు, చెప్పిన. ఎట్ల తీస్కపోతరని అడగలేదు. నిరుడు గూడ గంతే. నిరుడు కిరీటం వేరే పంపించినం."

తిరిగి వస్తుంటే జ్యోత్స్నక్క అంది, "పన్నెండు, మూడు, పదిహేను. పైన నాలుగున్నర అడుగుల జాగా. చాలు. పోయి చెప్పు."

"మీరు చెప్పండక్కా."

"లెక్క నీది."

"మీరు చెప్తే వింటారు."

"పొద్దున తప్పు చెప్పింది నువ్వు. ఒప్పు గూడ నువ్వే చెప్పాలె. నేను పక్కనుంట."

దారి పొడవునా నేను ఇంకో లెక్క చేస్తూనే ఉన్నాను. గణపతి సంగతి తేలింది. తేలవలసింది అన్న సంగతి. విగ్రహం భుజాలు కింద నుంచి తొమ్మిది అడుగులు ఉంటాయి. ట్రాలీ మూడు. అంటే పలక పన్నెండు అడుగుల మీద ఉంటుంది. అన్న ఐదున్నర. మొత్తం పదిహేడున్నర. చెయ్యి పైకెత్తితే ఇంకో రెండు అడుగులు. పంతొమ్మిదిన్నర.

తీగ కూడా పంతొమ్మిదిన్నరే.

మేము వచ్చేసరికి ట్రాలీ గల్లీలోకి వచ్చి ఉంది. నాన్న డ్యూటీకి తయారై గేటు దగ్గర నిలబడ్డాడు. అమ్మ ఆయన పక్కన ఉంది. బుచ్చమ్మవ్వ బండికి పసుపు కుంకుమ పెడుతోంది. ఈ ఊరు ఊరుగా ఉన్నప్పటి నుంచీ మొదటి కొబ్బరికాయ వాళ్ల ఇంటి వాళ్లదే. అన్న కొత్త ఎరుపు చొక్కా వేసుకుని, తలకు కాషాయం గుడ్డ కట్టుకుని, పలకనూ తడి కర్రనూ ట్రాలీ మీదికి అందిస్తున్నాడు. డప్పులు వచ్చాయి. షెడ్డుకు బయలుదేరబోతున్నారు.

నేను సంతోషన్న ముందుకు పోయి నిలబడ్డాను. నా గొంతు నాకే వినపడలేదు. డప్పుల వాళ్లు కూడా వాయిస్తున్నారు.

"ఏంది చెల్లె? గట్టిగ చెప్పు."

"అన్నను ఎక్కియ్యకండి. గణపతికి జాగా ఉంది. అన్నకే లేదు."

"మళ్ల మొదలువెట్టిందిరా బయ్," అన్నాడు అన్న.

బుచ్చమ్మవ్వ చెయ్యి ఎత్తింది. డప్పులు ఆగాయి. "చెప్పనియ్యిరా. పిల్ల వానల పోయి వచ్చింది," అంది.

మాటలతో చెప్పడం నాకు చేతకాదు. ముగ్గులకు పెట్టిన సుద్ద ముక్క తీసుకుని బుచ్చమ్మవ్వ ఇంటి గోడ మీద గీశాను. అడుగుకు వేలెడు. కింద నేల గీత. పంతొమ్మిదిన్నర దగ్గర తీగ గీత. ట్రాలీ. దాని మీద గణపతి. కిరీటం కొస నుంచి తీగ వరకు ఖాళీ. ఆ ఖాళీలో నాలుగున్నర అని రాశాను. విగ్రహం వెనక పలక గీసి, దాని మీద ఒక మనిషిని నిలబెట్టాను. చేతులు పైకెత్తి గీస్తే వేళ్లు తీగ గీతకు తగిలాయి.

సంతోషన్న దగ్గరికి వచ్చి గోడను చూశాడు.

"పదహారు గదా?"

"పడగతో కలిపి అన్నా. పడగ వేరే ఆటోలో వస్తుంది."

"నేను గూడ చూసిన," అంది జ్యోత్స్నక్క. "ఓంకార్‌కు ఫోన్ చెయ్యి."

సంతోషన్న ఫోన్ చేశాడు. అవతల మాట మాకు వినపడలేదు. "ఆఁ... ఆఁ... మరి చెప్పకపోతివి?... నేను అడగలేదా? సరే సరే," అని పెట్టేశాడు. తల గోక్కున్నాడు.

బుచ్చమ్మవ్వ కుంకుమ చేతిని కొంగుకు తుడుచుకుంది. "ఆయన తనంతల తాను పోతడంటె, నడుమ మీకేం పనిరా? వైరు జోలికి పోవుడెందుకు?"

"నిజమే అవ్వా. ఇగ ఎవ్వడు ఎక్కద్దు," అన్నాడు సంతోషన్న. "పలక దించుండ్రి. కర్ర అవతల పడెయ్యుండ్రి."

అంతటితో ఆగిపోతే బాగుండేది. డప్పుల వాళ్లలో ఒకడికి అనుమానం వచ్చింది.

"అన్నా, నిరుటిది ఎంతుండె?"

సంతోషన్న ఆలోచించాడు. "పన్నెండని బుకింగ్. కిరీటం వేరే వచ్చింది. అంటె పది... ట్రాలీతోని పదమూడు." అని ఆగి, అన్న వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు. కానీ అప్పటికే ఎవరో ఫోన్లో నిరుటి వీడియో పెట్టారు. అందరూ దాని మీదికి వంగారు. అందులో అన్న తీగను ఎత్తి పట్టుకున్నాడు. విగ్రహం తల మీద ఇంకో మనిషి నిలబడేంత ఖాళీ ఉంది. నిరుడు మేమందరం అన్ననే చూశాం. ఆ ఖాళీని ఎవరూ చూడలేదు.

"ఉత్తగనే లేపినవా బావా!" అన్నాడు డప్పుల అబ్బాయి.

నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. చెడ్డ నవ్వు కాదు. ఎప్పుడూ నవ్వుకునే నవ్వే. అన్న కూడా మొదట నవ్వాడు. తర్వాత తల మీది కాషాయం గుడ్డ విప్పి, మడిచి, జేబులో పెట్టుకుని మా గది వైపు నడిచాడు.

"అరే రాకేష్! ఎనక తాడు పట్టుకునేటోడు గావాలె. నువ్వే రా," అని సంతోషన్న పిలిచాడు. అన్న తిరిగి చూడలేదు.

"నువ్వు పోయి పిలువు చెల్లె," అన్నాడు నాతో.

నేను గడప బయట నిలబడ్డాను. అన్న లోపల ఎరుపు చొక్కా విప్పి దండెం మీద వేస్తున్నాడు. గుండీలు ఒక్కొక్కటిగా మళ్లీ పెడుతున్నాడు, చొక్కా జారకుండా.

"అన్నా, నిరుటి సంగతి నేను తీయలేదు."

"తెలుసు."

"సంతోషన్న తాడు పట్టుకోవడానికి రమ్మంటున్నాడు."

"విన్న."

"మరి రావా?"

అన్న పాత చొక్కా తొడుక్కున్నాడు. ఫోన్ తీసి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తలుపు దగ్గరికి వచ్చాడు. బయటికి వస్తున్నాడనుకుని నేను పక్కకు జరిగాను.

"కర్ర నిజంగనే అంత తడిసిందా?" అన్నాడు.

"నీళ్లు కారుతున్నాయి అన్నా."

గల్లీలో డప్పులు మళ్లీ మొదలయ్యాయి. ట్రాలీ ఇంజిను మోగింది. అన్న తల కొంచెం అటు తిప్పి విన్నాడు. గడపకు ఇవతల నేను, అవతల అతను. ఇప్పుడు ఇద్దరి కాళ్లూ నేల మీదే ఉన్నాయి.

"నువ్వు పో. నువ్వే చూసిరా," అని, నా ముఖం మీదే తలుపు వేసి, లోపల గొళ్లెం పెట్టుకున్నాడు.